విద్యుత్ సైకిల్ వెనక సోలార్ గుడారపు బండి: విశాఖ నుంచి అరకు దాకా లాగగలమా?

కొండదారి (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర వెనక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు, 36 ఓల్టుల 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్న విద్యుత్ సైకిల్ ఉంది. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి ఏ లోటూ లేదు. ఇప్పుడు దాని వెనక ఒక ట్రైలర్ తగిలించి, పైకప్పుగా 100 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు బిగించి, లోపల ఒక మనిషి పడుకునేటట్లు చేసుకుని, డిసెంబరులో అరకు వెళ్లి రావాలని కోరిక. రోడ్డు మీద దూరం సుమారు 115 కిలోమీటర్లు.

నేను గీసుకున్న బొమ్మలో పెట్టె పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు, ఎత్తు నాలుగు అడుగులు. గోడలకూ అడుగుకూ 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేద్దామనుకుంటున్నాను. లోపల ఫ్యాను, లైటు, ల్యాప్‌టాప్‌తో పాటు ఒక చిన్న ఇండక్షన్ పొయ్యి కూడా ఉంటే బాగుంటుంది. బండి నడుస్తూ ఉండగానే ప్యానెళ్లు బ్యాటరీని నింపుతూ ఉంటే దారిలో ఎక్కడా ప్లగ్గు కోసం వెతుక్కోవలసిన అవసరం ఉండదని నా అంచనా. ఇందులో పొరపాట్లు ఉంటే కలప కొనకముందే చెప్పగలరు.

ఓల్టేజీ (హైదరాబాద్)

కొండదారి గారూ, కొనకముందే అడిగారు కనుక నిర్మొహమాటంగా రాస్తున్నాను. ముందు తేల్చవలసింది ప్యానెళ్ల సంగతి కాదు, కిలోమీటరుకు ఎన్ని వాట్-అవర్లు (ఒక వాటు చొప్పున గంటసేపు వాడితే అయ్యే శక్తి) ఖర్చవుతాయన్నది. మీరు, సైకిలు, సామానుతో సహా ట్రైలరు అన్నీ కలిసి 140 కిలోలకు మించవనుకుందాం. సమతలమైన రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, మీరు కూడా పెడల్ తొక్కుతూ ఉంటే, మోటారు కిలోమీటరుకు ఎనిమిది నుంచి పది వాట్-అవర్లు తీసుకుంటుంది. అదే నాలుగడుగుల ఎత్తున్న పెట్టె వెనక నిలబడి గాలిని అడ్డుకుంటుంటే, పైగా ఎదురుగాలి కూడా తోడైతే, ఆ ఖర్చు రెట్టింపు కావడం మామూలే. మీ బ్యాటరీలో ఉన్నది మొత్తం 360 వాట్-అవర్లు.

ఇక కొండ. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డులో, లెక్క కోసం, 30 కిలోమీటర్లలో వెయ్యి మీటర్లు ఎక్కుతామనుకుందాం. 140 కిలోలను వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చడానికే దాదాపు 380 వాట్-అవర్లు కావాలి. టైర్ల రాపిడికి మరో 140 వేసుకోండి. మూడు గంటల పాటు మీరు తొక్కి ఇచ్చేది 240 దాకా ఉంటుంది. మిగిలిన 280 చక్రం దగ్గర అందాలంటే, నెమ్మదిగా తిరిగే హబ్ మోటారు సామర్థ్యం 65 శాతానికి మించదు కనుక, బ్యాటరీ నుంచి సుమారు 430 తీయవలసి ఉంటుంది. అంటే మీ బ్యాటరీ నిండుగా ఉన్నా కొండ మీదకు చేరకముందే ఖాళీ అవుతుంది. బరువు 140 నుంచి 180కి పెరిగితే ఎక్కడ ఆగిపోతారో మీరే వేసుకోగలరు.

ఇండక్షన్ పొయ్యి గురించి ఒక్క మాట. లీటరు నీటిని మరిగించడానికి దాదాపు 90 వాట్-అవర్లు పడతాయి, నష్టాలతో కలిపి వంద. టీ పెట్టుకున్న ప్రతిసారీ పది కిలోమీటర్ల ప్రయాణం ఆవిరైపోతుందన్నమాట.

ఇనుపముక్క (రాజమహేంద్రవరం)

నాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది, సైకిల్ ట్రైలర్లు నాలుగైదు చేశాను. మీ కొలతల ప్రకారం ప్లైవుడ్ ఎనిమిది చదరపు మీటర్లు పడుతుంది, దాని బరువే 45 కిలోలు. గాజు ప్యానెళ్లు ఒక్కోటి ఏడెనిమిది కిలోలు, ఫ్రేము, చక్రాలు కలిపితే సామాను ఎక్కించకముందే ట్రైలరు 75 కిలోలు దాటుతుంది. దాన్ని లాగడం ఒక ఎత్తు, ఆపడం మరో ఎత్తు.

ఫ్రేముకు అల్యూమినియం మంచిదే గాని, దాన్ని సరిగా వెల్డింగ్ చేసేవారు మన ఊళ్లలో దొరకడం కష్టం. నా సలహా ఒక అంగుళం, పదహారు గేజీల మందమున్న ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఇనుము) చదరపు గొట్టం. మీటరుకు 1.2 కిలోల లోపు తూగుతుంది, ఎనిమిది మీటర్లతో ఫ్రేము అయిపోతుంది. గోడలు కావాలనుకుంటే బోర్డులు రాసే సన్‌ప్యాక్ షీటు వాడండి. అది వాన నీటికి ఉబ్బదు, చదరపు మీటరుకు కిలో అటూ ఇటూ ఉంటుంది.

అసలు చిక్కు కొక్కెం దగ్గర ఉంది. మామూలు సైకిల్ ట్రైలర్ల కొక్కేన్ని వెనక ఇరుసు నట్టు కింద బిగిస్తారు. మీ సైకిలుకు వెనక ఇరుసులోనే మోటారు ఉంది, ఆ ఇరుసు పక్కలు చదునుగా ఉంటాయి, అది తిరిగిపోకుండా పట్టుకునే టార్క్ వాషరు అక్కడే ఉంటుంది. కొక్కెం పట్టడం లేదని ఆ వాషరు తీసేసినవారిని చూశాను. ఘాట్‌లో మోటారు గట్టిగా లాగినప్పుడు ఇరుసు గిర్రున తిరిగి తీగలు తెంపుకుంటుంది. కొక్కెం పట్టీని వాషరు బయటి వైపు వేసి, నట్టుకు కనీసం నాలుగైదు మరలు పట్టేటంత ఇరుసు మిగిలిందో లేదో చూసుకోండి. మిగలకపోతే సైకిలు వెనక ఫ్రేము గొట్టానికి క్లాంపు వేసి, దానికి కొక్కెం తగిలించాలి.

ఎద్దుబండి తోలినవారికి ఈ విషయం చెప్పనక్కర్లేదు గాని, బరువంతా ఇరుసుకు వెనక పడితే నొగ పైకి లేస్తుంది, ముందు పడితే ఎద్దు మెడ విరుగుతుంది. ఇక్కడ ఎద్దు మీ సైకిలు. నొగ మీద నాలుగు నుంచి ఆరు కిలోల బరువు ఉండేటట్లు ఇరుసును సామాను నడిమికి కాస్త వెనకగా పెట్టాలి. వెనక బరువైతే దిగుడులో ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది, ఒకసారి మొదలైతే బ్రేకు వేసినకొద్దీ ఎక్కువవుతుంది.

ఎదురుగాలి (నెదర్లాండ్స్)

మాది గుంటూరు, ఉద్యోగరీత్యా పన్నెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఐరోపాలోనూ భారతదేశంలోనూ చట్టం ఈ విషయంలో దగ్గరదగ్గరగానే ఉంది: 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల లోపు సహాయమైతేనే అది సైకిలు. కొండ కోసమని మోటారును 750 వాట్లకు మార్చాలనే ఆలోచన కొండదారి గారికి రావచ్చు, అప్పుడది రిజిస్ట్రేషన్ కావలసిన వాహనం అయిపోతుంది. అందువల్ల బరువు తగ్గించడం ఒక్కటే దారి.

సూర్యుణ్ణి నమ్ముకుని సైకిలు మీద దూరాలు వెళ్లడం కొత్తేమీ కాదు. 2013లో మొదలైన సన్ ట్రిప్ అనే యాత్రలో ఫ్రాన్సులోని షాంబెరీ నుంచి కజకిస్తాన్‌లోని అస్తానా దాకా వెళ్లారు. 2018లో లియోన్ నుంచి చైనాలోని గ్వాంగ్‌జౌ వరకు, దాదాపు 12,000 కిలోమీటర్లు. ఆ బండ్ల ఫొటోలు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది: ప్యానెళ్లు పెద్దవి, మిగతాదంతా చిన్నది. ట్రైలరు ఉన్నా అది ప్యానెల్‌ను మోసే సన్నని చట్రమే. రాత్రి పడక మాత్రం మామూలు గుడారంలోనే.

గాజు ప్యానెళ్ల బదులు వంగే ప్యానెళ్లు వాడితే ఒక్కోటి రెండు కిలోలకే వస్తుంది. పన్నెండు కిలోలు ఒక్క దెబ్బతో తగ్గుతాయి.

ఓల్టేజీ (హైదరాబాద్)

ఎదురుగాలి గారూ, వంగే ప్యానెళ్ల విషయంలో మీతో ఏకీభవించలేను. మీ దగ్గరి ఎండ వేరు, మా దగ్గరి ఎండ వేరు. కింద గాలి ఆడకుండా షీటుకు అతికించిన వంగే ప్యానెల్ మా మిద్దె మీద రెండు వేసవులకే పొరలు విడిపోయి బుడగలు కట్టింది. ప్యానెల్ వేడెక్కినకొద్దీ ఇచ్చే శక్తి డిగ్రీకి 0.4 శాతం దాకా పడిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్యానెల్ మీద రాసే వాట్ల లెక్క 25 డిగ్రీల దగ్గర కట్టేది. నడి ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 15 శాతం అక్కడే పోయింది.

ఎదురుగాలి (నెదర్లాండ్స్)

అంగీకరిస్తాను. మా దగ్గర ప్యానెల్ వేడెక్కడం అనేది ఫిర్యాదు కాదు, పండుగ.

కొండదారి (విశాఖపట్నం)

అందరికీ ధన్యవాదాలు. ప్లైవుడ్, ఇండక్షన్ పొయ్యి ఈ క్షణమే మానుకున్నాను. అయితే గుడారం కాకుండా లోపల పడుకునే వసతే కావాలని మనసు పీకుతోంది. అర్ధరాత్రి వాన వచ్చినా, పురుగూ పుట్రా తిరిగినా నేలకు అడుగున్నర ఎత్తులో గట్టి గోడల మధ్య ఉంటామన్న ధీమా వేరు కదా. సన్‌ప్యాక్ షీటుతోనే పెట్టె కట్టుకుంటే బరువు సమస్య తీరుతుంది. మరి అందులో తప్పేముంది?

చద్దిమూట (హైదరాబాద్)

కొండదారి గారూ, తప్పేమీ లేదు గాని ఒక రాత్రి అందులో పడుకుని చూశాక మీరే మానేస్తారు. నేను ఆరేళ్లుగా ఒంటరిగా సైకిలు మీద తిరుగుతున్నాను, నల్లమల చుట్టూ, కోస్తా పొడవునా. మన వాతావరణంలో రాత్రి పడకకు కావలసింది గోడ కాదు, గాలి ఆడే దోమతెర. ప్లాస్టిక్ పెట్టెలో మన ఊపిరి చెమ్మే గోడలకు పట్టి తెల్లవారేసరికి దుప్పటి మీద కారుతుంది. అరకు చలిలో ఇది ఇంకా ఎక్కువ. పగలంతా ఎండలో నిలిపిన పెట్టె రాత్రి తొమ్మిదింటి దాకా చల్లారదు.

గాలి సంగతి కూడా చూడండి. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు గోడ అంటే దాదాపు రెండున్నర చదరపు మీటర్ల తెరచాప. లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడల్లా అది మిమ్మల్ని ముందు తోసి తర్వాత లాగుతుంది.

మధ్యేమార్గం ఒకటి ఉంది. ట్రైలరును అడుగు ఎత్తున్న తొట్టిలాగానే కట్టి, పై మూతను ప్యానెల్‌తో చేయండి. మకాం చేసినప్పుడు మూత ఎత్తి, ముందుకు ఒక పలక జాపి, పైన కర్రల మీద దోమతెరా టార్పాలినూ వేసుకుంటే నేలకు ఎత్తుగానే పడుకోవచ్చు. తొట్టి పడక బల్ల అవుతుంది. నాలుగు మూలలా కాళ్లు తప్పనిసరి, లేకపోతే అటు దొర్లితే అటు ఒరుగుతుంది.

ఇంకొకటి, మకాం ఎక్కడ అన్నది ముందే అనుకోండి. అనంతగిరి వైపు అడవి చాలావరకు రిజర్వు అడవి, అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండకూడదు. నేను సాధారణంగా ఊళ్లోకి వెళ్లి, పెద్దవాళ్లను అడిగి, గుడి ఆవరణలోనో బడి వరండా పక్కనో దిగుతాను. అడిగితే కాదన్నవాళ్లు అరుదు, అడగకుండా దిగితే అర్ధరాత్రి టార్చిలైట్లతో లేపుతారు, అందులో వాళ్ల తప్పు లేదు.

కొండదారి (విశాఖపట్నం)

చద్దిమూట గారూ, తొట్టి మూతే ప్యానెల్ అన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. పెట్టె ఆశ వదులుకున్నాను. ఓల్టేజీ గారూ, అయితే రెండు ప్యానెళ్లకు మూత మీద చోటు సరిపోదు. పైగా 12 ఓల్టుల ప్యానెల్‌తో 36 ఓల్టుల బ్యాటరీని నింపడం ఎలాగో, మామూలు సోలార్ కంట్రోలర్ దానికి పనికొస్తుందో లేదో వివరించగలరా?

ఓల్టేజీ (హైదరాబాద్)

ఒక గాజు ప్యానెల్‌ను మూతకు శాశ్వతంగా బిగించండి. రెండోది మడిచే గుడ్డ ప్యానెల్ తీసుకుని ఆగినప్పుడు మాత్రమే పరచండి. ఎండ నుంచి వచ్చేదానిలో పెద్ద వాటా ఎలాగూ ఆగినప్పుడే వస్తుంది. నడుస్తున్నప్పుడు ప్యానెల్ అడ్డంగా పడుకుని ఉంటుంది, చెట్ల నీడ పడుతుంది, ఘాట్‌లోనైతే సగం దారి నీడే. విశాఖ అక్షాంశం దగ్గర డిసెంబరు మూడో వారంలో నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. పడుకోబెట్టిన ప్యానెల్ మీద నేరుగా పడే ఎండలో నాలుగో వంతు అక్కడే పోతుంది. ఆగినప్పుడు మూతను దక్షిణం వైపు 40 డిగ్రీలు వాల్చగలిగితే ఆ భాగం తిరిగి దక్కుతుంది. కనుక మూతకు రెండు వైపులా మడత కాలు పెట్టించుకోండి. మే నెలలో అయితే ఈ బాధ లేదు, సూర్యుడు నడినెత్తినే ఉంటాడు, కాకపోతే ఆ నెలలో అరకు వెళ్లాలన్న ఆలోచన మీకే ఉండదు. ఇలా చేస్తే రెండు ప్యానెళ్లకు కలిపి రోజుకు 550 నుంచి 650 వాట్-అవర్ల దాకా ఆశించవచ్చు. పొగమంచు తొమ్మిదింటి దాకా తొలగకపోతే అంత రాదు.

కంట్రోలర్ సంగతి. మీ ప్యానెల్ పనిచేసే ఓల్టేజీ 18, నిండిన మీ బ్యాటరీ ఓల్టేజీ 42. ఇంటి పైన వాడే మామూలు కంట్రోలర్ ఎక్కువ ఓల్టేజీని తగ్గించగలదే గాని తక్కువను పెంచలేదు. ఓల్టేజీని పెంచే, ప్యానెల్ నుంచి వీలైనంత శక్తి రాబట్టే బూస్ట్ ఎంపీపీటీ కంట్రోలర్ అని అడిగి తీసుకోండి. రెండు ప్యానెళ్లను వరుసగా కాకుండా సమాంతరంగా కలపండి, ఒకదాని మీద నీడ పడినా రెండోది తన పని తాను చేస్తుంది. కంట్రోలర్‌ను 42కి బదులు 41 ఓల్టుల దగ్గర ఆగేటట్లు పెట్టి, బ్యాటరీకి తగిలించకముందే మల్టీమీటరుతో చూసుకోండి. తగిలించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్.

అన్నిటికంటే ముఖ్యం, నింపే తీగను బ్యాటరీ ఛార్జింగ్ రంధ్రానికే ఇవ్వాలి. మోటారు వైపు తీగకు ఇస్తే కొన్ని బ్యాటరీల్లో లోపలి రక్షణ సర్క్యూట్ (బీఎంఎస్) అధిక ఛార్జింగ్‌ను ఆపలేదు. బ్యాటరీ పక్కన ఫ్యూజు లేకుండా ఒక్క తీగ కూడా బయటికి రాకూడదు. ట్రైలరు అదురుడుకు తీగ రాసుకుని ఒలిచిపోతుంది, లిథియం బ్యాటరీ మంట నీళ్లు చల్లితే ఆరేది కాదు.

రాత్రి అవసరాలకు సైకిలు బ్యాటరీని ముట్టుకోకండి. చిన్న ఫ్యానుకు రాత్రంతా 40, లైటుకు 20, ఫోనుకు 15, ఎంత చూసినా వంద దాటదు. 12.8 ఓల్టుల 12 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కిలోన్నరకే వస్తుంది, దానికి వేరే చిన్న కంట్రోలర్ పెట్టుకోండి. ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేయండి. ఇది సాంకేతిక సలహా కాదు.

ఇనుపముక్క (రాజమహేంద్రవరం)

చక్రాల మాట మిగిలింది. 20 అంగుళాల పిల్లల సైకిలు చక్రాలు సరిపోతాయి గాని, వాటి ఇరుసు రెండు వైపులా ఆనేందుకు చేసినది. ఒక్క వైపే బిగిస్తే గతుకుల్లో వంగుతుంది. కనుక చక్రానికి బయటి వైపు కూడా ఒక పట్టీ వేసి, రెండు వైపులా పట్టించండి. వెడల్పు రెండు అంగుళాలు పెరిగినా పరవాలేదు, మొత్తం రెండున్నర అడుగుల లోపే ఉంచండి.

బ్రేకుల విషయం. ఎక్కడానికి ఎంత శక్తి పెట్టారో దిగేటప్పుడు అదంతా ఎక్కడో వేడిగా మారాలి. గేర్లున్న హబ్ మోటారు ఆ శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపలేదు. మీ సైకిలుకు 160 మిల్లీమీటర్ల డిస్కులు ఉంటే ముందుదైనా 180కి మార్చండి. ఒకే బ్రేకు పట్టుకుని దిగకుండా మార్చి మార్చి వేయండి, మధ్యలో ఆగి చల్లారనివ్వండి. ఎక్కేటప్పుడు కూడా ఆగాలి. 25 వేగానికి చేసిన మోటారును పది వేగంతో గంటల తరబడి లాగిస్తే లోపలి నైలాన్ పళ్లచక్రాలు మెత్తబడి అరిగిపోతాయి. చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కితే ఇరవై నిమిషాలు చెట్టు కింద కూర్చోండి.

కొండదారి (విశాఖపట్నం)

రెండున్నర నెలల తర్వాత రాస్తున్నాను. ట్రైలరు పూర్తయింది. ప్యానెళ్లు రెండూ, బ్యాటరీ, దోమతెర, టార్పాలిను, పడక పలకతో సహా 34 కిలోలు తూగింది. అనుకున్నదానికంటే ఐదు కిలోలు ఎక్కువ. కారణం నా భయమే, అవసరం లేని చోటల్లా అడ్డ గొట్టాలు వేయించాను. మొదట చేసిన వెల్డింగ్ ఒకటి రెండో వారానికే చిట్లింది. ఆ షాపువారు అది నా బరువు తప్పని వాదించారు. వేరే చోట విప్పి చూస్తే లోపలికి దిగకుండా పైపైనే పోసినట్లు తేలింది.

మొదటి పరీక్షగా బీచ్ రోడ్డు మీదుగా భీమునిపట్నం వెళ్లి వచ్చాను. వెళ్లేటప్పుడు కిలోమీటరుకు తొమ్మిది వాట్-అవర్లు, తిరిగి వచ్చేటప్పుడు సముద్రపు ఎదురుగాలికి పద్నాలుగు. మధ్యలో మూత వాల్చి రెండు గంటలు ఆగితే 210 వాట్-అవర్లు చేరాయి. ఓల్టేజీ గారి లెక్కకు ఇది చాలా దగ్గరగా ఉంది.

అరకు ప్రయాణం కూడా అయింది. మొదటి రోజు తెల్లవారుజామున బయలుదేరి, శృంగవరపుకోట చేరి, మధ్యాహ్నమంతా ఒక మామిడి తోట గట్టున ప్యానెళ్లు పరుచుకుని కూర్చున్నాను. తోట యజమాని మొదట నేనేదో అమ్ముతున్నానని అనుకుని ధర అడిగారు, తర్వాత తన ఫోను ఛార్జింగ్ పెట్టుకుని మజ్జిగ పంపించారు. రెండో రోజు నిండు బ్యాటరీతో ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాను. తైడ దాటాక మోటారు చేయి పెట్టలేనంత వేడెక్కింది, ఇనుపముక్క గారు చెప్పినట్లే ఆగాను, అలా నాలుగుసార్లు. అనంతగిరికి కొంచెం ముందు బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. అక్కడి నుంచి కాఫీ తోటల నీడలో దిగి, సుమారు రెండు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచాను. ఆ నీడలో 100 వాట్ల ప్యానెల్ ఆరు వాట్లు ఇచ్చింది.

చద్దిమూట (హైదరాబాద్)

మరి పడక ఎలా ఉంది?

కొండదారి (విశాఖపట్నం)

చద్దిమూట గారూ, హాయిగా ఉంది. అరకులో ఒక క్యాంపు స్థలం వారిని అడిగి దిగాను. చలికి ఫ్యాను పెట్టనే లేదు. మంచు మాత్రం టార్పాలిను మీద నుంచి నీళ్లలా కారింది, లోపలికి రాలేదు. ఒక్క ఇబ్బంది: కాళ్లు దించడం మరచి మొదటి రాత్రి బల్ల మీద కూర్చోగానే ట్రైలరు వెనక్కి ఒరిగి, నేనూ టీ గిన్నె కూడా గడ్డిలో పడ్డాం.

ఇప్పుడు నా ప్రశ్న ఇనుపముక్క గారికి. దిగేటప్పుడు గతుకు వచ్చినప్పుడల్లా కొక్కెం దగ్గర టకటకమని చప్పుడు వస్తోంది. నట్లన్నీ బిగువుగానే ఉన్నాయి. కొక్కెం రంధ్రం అరిగిందా, లేక అది మామూలేనా?

ఇనుపముక్క (రాజమహేంద్రవరం)

మామూలు కాదు. ఇనుము మీద ఇనుము ఆడితే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరుగుతుంది. పిన్నుకు పాత మోటారు సైకిలు సస్పెన్షన్ రబ్బరు బుష్షు తొడగండి, ఆటో విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది. దానితో పాటు సైకిలు ఫ్రేముకూ నొగకూ కలిపి ఒక గట్టి నైలాను పట్టీ వదులుగా కట్టి ఉంచండి, పిన్ను ఎప్పుడైనా ఊడిపోయినా ట్రైలరు మీ వెనకే ఉంటుంది. ఇవి రెండూ చేసేదాకా మళ్లీ ఘాట్ వైపు వెళ్లకండి.